అరికాలి మీద ఒక వేలు

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పొద్దుటి డ్యూటీ చేతులు కడుక్కోవడంతో మొదలవుతుంది. ఏదో తడిపి తుడుచుకోవడం కాదు. గాజులూ ఉంగరాలూ వాచీ తీసి బయట డబ్బాలో పెట్టి, మోచేతుల దాకా సబ్బు పట్టించి, గోళ్ళ సందులు రుద్దుకుని, నీళ్ళు కారిపోయి ఆరేదాకా చేతులు పైకెత్తి పట్టుకుని నిలబడాలి. ఆ కాసేపూ నర్సులందరూ ఎవరికో లొంగిపోయినవాళ్ళలా చేతులెత్తి కబుర్లు చెప్పుకుంటారు. ఎవరి ఆడపడుచు అలిగి వెళ్ళింది, ఎవరాయన కూర మాడబెట్టాడు, ఎవరింట్లో నీళ్ళ మోటారు కాలిపోయింది, అన్నీ అక్కడే తేలతాయి. పెద్ద సిస్టర్ తలుపు తోసుకుని వచ్చిందంటే మాత్రం అందరికీ చేతులు ఆరిపోయినట్టే.

వార్డులో అందరికన్నా పాతది కాబట్టి ఆమె పెద్ద సిస్టర్. మనిషీ పెద్దదే, గొంతూ పెద్దదే, కోపం సరేసరి. కానీ ఆ లావు వేళ్ళతోనే దారమంత గొట్టాన్ని అరచెయ్యంత బిడ్డ ముక్కులోంచి పొట్టలోకి దించుతుంటే బిడ్డకి నిద్రాభంగం కూడా అయ్యేది కాదు. పట్టిన పట్టు విడిచే రకం కాదు. ఆశ వదులుకోమన్న పిల్లల దగ్గర కూడా "చూద్దాం, వాడేమంటాడో" అని కుర్చీ వేసుకుని కూర్చునేది. కొందరు దక్కారు, కొందరు దక్కలేదు. దక్కని రోజున ఆమె ఇంటికెళ్ళి ఏదో ఒక వంక పెట్టి అత్తగారితో పోట్లాడుతుందని వార్డులో అందరికీ తెలుసు.

ముందుగా వచ్చేసిన పిల్లలకి ఒక ఇబ్బంది ఉంది. ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. అమ్మ కడుపులో ఉన్నన్నాళ్ళూ ఆ పని వాళ్ళకెవరూ అప్పజెప్పలేదు. అప్పజెప్పేలోపే బయటికి వచ్చేశారు. హాయిగా నిద్రపోతూ ఉంటారు, ఉన్నట్టుండి పొట్ట కదలడం ఆగిపోతుంది, పెదాలు నీలం తిరుగుతాయి, మిషను గోల పెడుతుంది. అప్పుడు నర్సు గాజుపెట్టెలోకి చెయ్యి పెట్టి, అరికాలి మీద వేలితో ఒక్కసారి తట్టి, "ఊపిరి, నాన్నా" అంటుంది.

తట్టగానే ఊళ్ళో, ఆ వార్డులో పెరిగి వెళ్ళినవాళ్ళందరికీ అరికాలు జిల్లుమంటుంది. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, ఆపి నిండుగా ఒక ఊపిరి తీసుకుంటారు. వాళ్ళతో పాటే బిడ్డా తీసుకుంటుంది. సెలూన్‌లో గడ్డం గీస్తున్న మనిషి కత్తి పైకెత్తి పట్టుకుంటాడు. లెక్కల టీచరు సుద్దముక్క బోర్డుకి ఆనించి ఆగుతుంది. బ్యాండులో బాకా ఊదే అతను పాట మధ్యలో తప్పిపోతాడు, పక్కవాళ్ళు సర్దుకుంటారు. అన్నదమ్ములు తగువులాడుకుంటుంటే ఒకడికి అరికాలు జిల్లుమంటే, రెండోవాడు అతను ఊపిరి తీసుకునేదాకా ఆగి ఆ తరవాత తిట్టు అందుకుంటాడు. "అరికాలు పిలిచింది" అంటే చాలు, ఇంకెవరూ ఏమీ అడగరు. వార్డు పిల్లలు పెద్దయ్యాక ఈత నేర్చుకుంటారు గానీ తల నీళ్ళలో పెట్టరు. అంతకుమించి దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

అయితే దానికో పద్ధతి ఉంది. బిడ్డ ముందుగా ఎవరి ఎదమీదనైనా ఒక్కసారి నిద్రపోయి ఉండాలి. వైర్లతో గొట్టాలతో సహా బిడ్డని పెట్టెలోంచి తీసి, అమ్మ చొక్కా గుండీలు విప్పించి, ఒంటికి ఒళ్ళు ఆనేలా పడుకోబెట్టి, మీద దుప్పటి కప్పుతారు. అమ్మకి బాగోకపోతే నాన్న, నాన్న లేకపోతే అమ్మమ్మ. ఒకసారి ఎవరూ లేని బిడ్డకి లిఫ్టు నడిపే ఆయన వచ్చి చొక్కా విప్పి కూర్చున్నాడు. ఆ పిల్ల ఇప్పటికీ ఆయన్ని తాతా అనే పిలుస్తుంది. అలా నిద్రపోయిన బిడ్డ అరికాలు తడితేనే ఊరు కదులుతుంది. లేకపోతే బిడ్డ కాలు ఒక్కటే కదులుతుంది. కొత్త నర్సు ఎవరు చేరినా పెద్ద సిస్టర్ మొదటి రోజు నేర్పేది ఇదే. ముందు ఎద, తరవాత వేలు.

చిన్న సిస్టర్ ఆ వార్డులో పెరిగి వెళ్ళిన పిల్లే. పుట్టినప్పుడు ఆమె అరికాలు తట్టింది పెద్ద సిస్టరే. నర్సు చదువు చదివి మళ్ళీ అక్కడికే వచ్చి చేరింది. ఏ బిడ్డని తట్టినా అదే క్షణంలో ఆమె అరికాలూ జిల్లుమంటుంది, ఆమె గుండె నిండా ఊపిరీ వస్తుంది. పనిమంతురాలు. ఒకటే లోపం, కాస్త గట్టిగా తడుతుంది. బిడ్డ ఎక్కడ ఆగిపోతుందో అని ఆమె భయం.

"తలుపు కొడుతున్నావా?" అనేది పెద్ద సిస్టర్. "గుర్తు చెయ్యమన్నాను, దడిపించమనలేదు. ఊళ్ళో సగంమంది కాఫీ మీద ఒలకబోసుకుని ఉంటారు."

"మెల్లగానే తట్టాను సిస్టర్."

"నీ మెల్లగా నాకు ఇక్కడిదాకా వినబడింది."

పెద్ద సిస్టర్ మాత్రం వార్డు బిడ్డ కాదు. నెలలన్నీ నిండాక ఇంకాస్త ఆగి, తీరిగ్గా, ఇంట్లోనే పుట్టింది. జీవితమంతా అరికాళ్ళు తట్టిన మనిషి అరికాలు ఒక్కసారి కూడా జిల్లుమనలేదు. అది ఆమెకి ఒక వెలితి. పైకి చెప్పుకునేది కాదు. ఒకసారి మాత్రం చేతులు ఆరబెట్టుకుంటూ, ఎటో చూస్తూ అడిగింది.

"ఎలా ఉంటుందే అది?"

చిన్న సిస్టర్ ఆలోచించింది. "చక్కిలిగింత కాదు సిస్టర్. నొప్పీ కాదు. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుంటుంది. కానీ పిలిచింది మనని కాదని కూడా తెలుస్తుంది. అయినా పలకాలనిపిస్తుంది."

పెద్ద సిస్టర్ ఆరిన చేతులు దించింది. తరవాత, "సరేలే, మూడో పెట్టెలో గొట్టం చూడు, వంకరగా ఉంది," అని లోపలికి వెళ్ళిపోయింది.

మూడో పెట్టెలో ఉన్నది పిడికెడు. వాడికి ఇంకా పేరు పెట్టలేదు. పుట్టిన రోజు పెద్ద సిస్టర్ చూసి "పిడికెడున్నాడు" అన్న మాటే వార్డంతా పట్టుకుంది. వాళ్ళమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. పొద్దున్నే వచ్చి, కొడుకుని ఎదమీద వేసుకుని, కుర్చీలో వెనక్కి వాలి గంటలకి గంటలు కదలకుండా కూర్చునేది. ఇంటికి పంపాలంటే వార్డులో ఒక నియమం ఉంది. వారం రోజుల పాటు బిడ్డ ఒక్కసారి కూడా ఊపిరి మర్చిపోకూడదు. పిడికెడు వారంలో చాలా భాగం బుద్ధిగా ఉండేవాడు, వాళ్ళమ్మ ఆశపడి సంచీ సర్దుకునేది, సరిగ్గా అప్పుడు మర్చిపోయేవాడు. లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది.

"వీడు కావాలనే చేస్తున్నాడు సిస్టర్," అంది వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"చెయ్యనీ. వాడికెంత పంతమో నాకు అంతకి రెండింతలు," అంది పెద్ద సిస్టర్. "నువ్వు సంచీ విప్పకు. వీణ్ణి నీ చేతుల్లో పెట్టి పంపించాకే నేను రిటైరయ్యేది."

ఆ మాటన్న మర్నాడు పొద్దున చేతులు కడుక్కుని, పైకెత్తి ఆరబెట్టుకుంటూ, ఆమె నిలువునా కూలిపోయింది. పడేటప్పుడు కూడా చేతులు నేలకి తగలనివ్వలేదు. మళ్ళీ కడుక్కోవాల్సొస్తుందని కాబోలు అని తరవాత నర్సులు అనుకున్నారు. స్ట్రెచర్ వచ్చేసరికి చిన్న సిస్టర్ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఉంది.

మెదడు వెనక భాగంలో రక్తం గడ్డ కట్టిందన్నారు. పై అంతస్తులో ఐసీయూకి తీసుకెళ్ళారు. మందు సమయానికి పడింది. కొన్నాళ్ళకి కాళ్ళూ చేతులూ కదిలాయి, మనుషుల్ని గుర్తుపట్టింది, నోట్లోంచి వేసిన గొట్టం తీసేశారు. తియ్యగానే బొంగురు గొంతుతో ఆమె అడిగిన మొదటి మాట, "పిడికెడు వెళ్ళాడా?" అని. ఇంకా లేదని చిన్న సిస్టర్ చెప్పింది. గండం గడిచిందని అందరూ అనుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆమెకి చిన్న కునుకు పట్టింది, ఊపిరి ఆగిపోయింది. డాక్టరు పరుగున వచ్చి మాస్కూ గాలిసంచీ పెట్టి ఊపిరి అందించి లేపాడు.

ఐసీయూ డాక్టరు మెల్లగా మాట్లాడే మనిషి. అత్తగారినీ చిన్న సిస్టర్‌నీ బయటికి పిలిచి కూర్చోబెట్టాడు.

"ఊపిరితిత్తులకి ఏమీ కాలేదు. ఊపిరి తీసుకోమని గుర్తుచేసే చోటు ఒకటుంటుంది మెదడులో, అది దెబ్బతింది. మెలకువగా ఉంటే ఆవిడే గుర్తుపెట్టుకుని తీసుకుంటారు. నిద్రపోతే మర్చిపోతారు."

"మా వార్డు పిల్లల్లాగా," అంది చిన్న సిస్టర్.

"అచ్చం అలాగే. కాకపోతే వాళ్ళు పెరిగేవాళ్ళు, నేర్చుకుంటారు. ఈవిడ మళ్ళీ నేర్చుకుంటారో లేదో నేను చెప్పలేను. మాస్కు సరిపోవడం లేదు. గొంతు దగ్గర రంధ్రం చేసి మిషను తగిలించాలి. ఇక నిద్ర ఎప్పుడూ ఆ మిషను పక్కనే. వార్డు పని మాత్రం కుదరదు."

అత్తగారు పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందవు. కొడుకు పోయినప్పటి నుంచీ ఆవిడా కోడలూ ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో, రోజూ పోట్లాడుకుంటూ ఉన్నారు. ఆవిడ డాక్టరు వైపు చూసి, "ఈ మాట దానికి మీరే చెప్పండి, నేను చెప్పను," అంది.

డాక్టరు చెప్పాడు. పెద్ద సిస్టర్ విని, "రెండు రోజులు ఆగండి డాక్టరు గారూ," అంది.

"అన్నాళ్ళు నిద్రపోకుండా ఎలా ఉంటారు?"

"ఇన్నేళ్ళు నైట్ డ్యూటీలు చేశాను. ఉంటాను."

ఉంది కూడా. కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. మంచం తల వైపు పైకి లేపించుకుని, వెనక్కి వాలకుండా, ప్రతి ఊపిరీ ఒక పని చేసినట్టు చేసింది. రెప్పలు బరువెక్కుతున్నాయనిపించగానే అత్తగారు రంగంలోకి దిగేది.

"నా ఇత్తడి చెంబు పక్కింటావిడకి ఇచ్చేశావు గుర్తుందా?"

"ఇవ్వలేదు అత్తయ్యా. అది చిల్లు పడింది. మీరే పారెయ్యమన్నారు."

"నేనెందుకంటాను? అది మా అమ్మ ఇచ్చింది."

"మీ అమ్మ ఇచ్చింది గిన్నె. చెంబు కాదు."

"ఇప్పుడు గిన్నె కూడా నేనే పోగొట్టానంటావా?"

పెద్ద సిస్టర్‌కి ఒళ్ళు మండేది, నిద్ర ఎగిరిపోయేది. అత్తగారు ఏళ్ళనాటి తగువులన్నీ ఒక్కొక్కటే బయటికి తీసింది. తలుపు గడియ పెట్టలేదన్నది, పెళ్ళిలో పలకరించలేదన్నది, మరిగే పాలు పొంగబెట్టిందన్నది. ఐసీయూ నర్సులు మొదట ఆవిణ్ణి బయటికి పంపబోయారు. సంగతి అర్థమయ్యాక ఆవిడకి తాగడానికి మంచినీళ్ళు తెచ్చి పెట్టారు. మధ్యలో చిన్న సిస్టర్ డ్యూటీ అయ్యాక పైకి వచ్చి, ఏ పెట్టెలో ఎవరు ఎన్ని పాలు తాగారో చెప్పేది. పిడికెడు మళ్ళీ మర్చిపోయాడని చెప్తే పెద్ద సిస్టర్ ఆ పంతంతో ఇంకో గంట తూగకుండా కూర్చునేది.

కానీ ఒంటికీ ఒక హద్దుంటుంది. రెండోరోజు మధ్యాహ్నం, ఉప్పు డబ్బా ఎవరు తెరిచి పెట్టారన్న తగువు మంచి పాకాన పడ్డప్పుడు, "నేను మూత పెట్టాను అత్త..." అని ఆమె మాట మధ్యలో ఆగింది. కళ్ళు మూతపడ్డాయి. రొమ్ము కదలడం ఆగింది. చిన్న సిస్టర్ మంచం కాళ్ళ వైపే నిలబడి ఉంది. ఆలోచించలేదు. దుప్పటి లాగి, అలవాటైన వేలితో పెద్ద సిస్టర్ అరికాలు తట్టి "ఊపిరి, అమ్మా" అంది.

ఏమీ కాలేదు. పెద్ద సిస్టర్ కదల్లేదు. అంతకన్నా ఘోరం, చిన్న సిస్టర్ అరికాలు జిల్లుమనలేదు. మళ్ళీ తట్టింది, ఇంకోసారి తట్టింది. డాక్టరు ఆమెని పక్కకి జరిపి మాస్కు అందుకున్నాడు. కాసేపటికి పెద్ద సిస్టర్ దగ్గుతూ కళ్ళు తెరిచింది.

"ఇక లాభం లేదమ్మా," అన్నాడు డాక్టరు, ఆమె చెయ్యి పట్టుకుని. "ఈసారి దొరికారు. ప్రతిసారీ దొరకరు. రేపు పొద్దున ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్తాను."

పెద్ద సిస్టర్ పైకప్పు చూస్తూ ఊపిరి తీసుకుంటూ ఉంది.

చిన్న సిస్టర్ మెట్లు దిగి వార్డుకి వచ్చింది. లోపలికి వెళ్ళాలంటే చేతులు కడుక్కోవాలి కాబట్టి కడుక్కుంది. చేతులు పైకెత్తి నిలబడి, ఎవరూ లేరు కదా అని ఏడ్చింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు ఖాళీ లేవు. తను ఎవరిని తట్టినా పలికే ఊరు, ఆవిణ్ణి తడితే ఎందుకు పలకలేదో ఆమెకి అర్థం కాలేదు. ఊరికి ఆవిడకన్నా కావలసినవాళ్ళు ఎవరున్నారు?

అద్దం అవతల పిడికెడు వాళ్ళమ్మ చొక్కా గుండీలు విప్పుకుంటోంది. ఇంకో నర్సు వాణ్ణి పెట్టెలోంచి తీసి, వైర్లు సర్ది, ఎదమీద పడుకోబెట్టింది. వాడు చెంప ఆనించి, పెదాలు చప్పరించి, నిద్రపోయాడు. చిన్న సిస్టర్ చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. మొన్న కొత్తగా చేరిన పిల్ల కూడా చెయ్యని తప్పు తను చేసింది. ఎదమీద పడుకోబెట్టకుండా తట్టింది. తట్టే మనిషిగానే చూసింది గానీ, ఆవిడా తట్టించుకోవాల్సిన బిడ్డే అని ఆమెకి తోచలేదు.

ఆమె లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి పైకి పరుగెత్తింది.

డాక్టరు ఆమె చెప్పినదంతా విని ఒకటే ప్రశ్న వేశాడు. "ఎదమీద ఎంతసేపు ఉండాలి?"

"నిద్ర పట్టేదాకా సార్. నిద్రపోతేనే ఊరు కదులుతుంది."

"అంటే ఆవిడ కావాలని నిద్రపోవాలి."

"అవును సార్."

డాక్టరు మంచం మీద మనిషి వైపు చూశాడు. "నేను మాస్కు పట్టుకుని పక్కనే ఉంటాను. మీ వేలు పనిచెయ్యకపోతే ఒక్క క్షణం కూడా ఆగను. ఇష్టమేనా?" అని ఆమెనే అడిగాడు.

పెద్ద సిస్టర్ మొహంలో మొదటిసారి భయం కనబడింది. రెండు రోజులుగా ఏ నిద్రతో యుద్ధం చేస్తోందో ఆ నిద్రలోకే నడిచి వెళ్ళమంటున్నారు. ఊపిరి తీసుకుని, "ఎవరి ఎదమీద?" అంది.

చిన్న సిస్టర్ నోరు తెరిచేలోపే అత్తగారు కుర్చీలోంచి దిగింది. "జరగండి," అంది.

"వద్దు అత్తయ్యా. నా బరువుకి మీ ఎముకలు విరుగుతాయి."

"విరిగితే ఆస్పత్రిలోనే ఉన్నాంగా. ఇన్నేళ్ళుగా నిన్ను భరిస్తున్నాను, ఇంకో గంట భరించలేనా?"

చిన్న సిస్టర్, ఇంకో నర్సు కలిసి ఆవిణ్ణి ఎత్తి మంచం తల వైపు, దిళ్ళకి ఆనించి కూర్చోబెట్టారు. పెద్ద సిస్టర్ గౌను వెనక ముడి విప్పి, ఆవిడ రవిక హుక్కులు తీసి, ఒంటికి ఒళ్ళు ఆనేలా ఆమెని వెనక్కి వాల్చారు. పెద్ద సిస్టర్ తల ఆవిడ ఎదమీద పడింది. ఆ పెద్ద మనిషి వెనక ఆ పొట్టి మనిషి దాదాపు కనబడకుండా పోయింది. చిన్న సిస్టర్ ఇద్దరి మీదా దుప్పటి కప్పి, వార్డులో చేసినట్టే అంచులు లోపలికి దోపింది.

"మీ గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో," అంది పెద్ద సిస్టర్.

"బరువు మోస్తే కొట్టుకోదా మరి. మాట్లాడకు. పడుకో."

"నేను లేవకపోతే..."

"లేవకపోతే ఆ చెంబు సంగతి తేలకుండా పోతుంది. నేను ఒప్పుకోను. పడుకో."

అత్తగారు రెండు చేతులూ చుట్టూ వేసి పట్టుకుంది. అన్నేళ్ళలో ఆవిడ కోడల్ని పట్టుకోవడం అదే మొదలు. పెద్ద సిస్టర్ కళ్ళల్లోంచి నీళ్ళు కారి ఆవిడ మోచెయ్యి మీద పడ్డాయి. ఆవిడ తుడుచుకోలేదు. ఆవిడకి బాధగా ఉంది, భయంగా ఉంది, ఈ మనిషి లేని వంటింట్లో ఒక్కతే నిలబడటం తన వల్ల కాదని ఆ క్షణంలో బాగా తెలిసింది. జో కొట్టడం రాక భుజం మీద ఊరికే తడుతూ ఉండిపోయింది.

"చిన్నదానా," అంది పెద్ద సిస్టర్ కళ్ళు మూసుకుంటూ. "మెల్లగా తట్టు."

నిద్ర రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక ఊపిరి, ఇంకో ఊపిరి, దాని తరవాతది చిన్నది. తరవాత ఏమీ లేదు. మిషను గోల పెట్టింది. డాక్టరు మాస్కు ఎత్తాడు. చిన్న సిస్టర్ ఆ వెడల్పాటి, పగుళ్ళ అరికాలి మీద వేలితో తట్టి, "ఊపిరి, అమ్మా," అంది.

ఆమె అరికాలు జిల్లుమంది.

ఊళ్ళో సెలూన్ మనిషి కత్తి ఎత్తి పట్టుకున్నాడు. లెక్కల టీచరు బోర్డు దగ్గర ఆగింది. ఆమె తరగతిలో వెనక బెంచీ పిల్లలిద్దరు కూడా ఆగారు. బాకా ఊదే అతను బాకా దించాడు. లిఫ్టు ఆయన్ని తాతా అని పిలిచే పిల్ల వీధి మధ్యలో సైకిలు మీద కాలు ఆనించింది. అందరికీ ఈ పిలుపు ఎప్పటికన్నా బరువుగా తగిలింది. ఎవరో పెద్దవాళ్ళయ్యుంటారని అనుకున్నారు, అనుకుని ఇంకాస్త లోతుగా తీసుకున్నారు. కింద వార్డులో పిడికెడు వాళ్ళమ్మ ఎదమీద ఒక్కసారిగా ఊపిరితో నిండిపోయాడు. ఐసీయూ నర్సుల్లో ఒకామె, పక్క మంచం మీది కుర్రాడు, చిన్న సిస్టర్, ముగ్గురూ ఒకేసారి ఊపిరి పీల్చారు.

పెద్ద సిస్టర్ రొమ్ము లేచింది. దానితోపాటు వెనక ఉన్న అత్తగారు కూడా లేచి దిగింది.

డాక్టరు మాస్కు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంకో ఊపిరి వచ్చింది. ఇంకోటి వచ్చింది. ఆయన మాస్కు మంచం మీద పెట్టి, థియేటర్‌కి ఫోన్ చేసి రేపు పొద్దుటిది రద్దు చెయ్యమన్నాడు. "ఎవరికో చెయ్యి తిమ్మిరెక్కుతోంది ఇక్కడ," అంది అత్తగారు. కానీ కోడలు లేచేదాకా తనని ఎవరినీ కదిలించనివ్వలేదు.

ఆ రోజు నుంచి పెద్ద సిస్టర్‌ని కూడా వార్డు పిల్లలతో కలిపే లెక్కపెట్టుకున్నారు. నిద్రలో ఆగితే పక్కనున్న నర్సు తట్టేది. తట్టేవాళ్ళు అటు తిరిగినప్పుడు కింద ఏ బిడ్డో మర్చిపోయేవాడు, వాణ్ణి తట్టిన వేలు ఈవిడ అరికాలికీ తగిలేది, ఇద్దరూ కలిసి తీసుకునేవాళ్ళు. మర్చిపోయే పిల్లలకి ఆ వార్డులో కొదవ లేదు. అలా అలా మెదడులో ఆ చోటు తన పని కొంచెం కొంచెంగా నేర్చుకుంది. పిడికెడు ఆ మధ్యాహ్నం తరవాత మర్చిపోలేదు. వారం నిండిన రోజు వాళ్ళమ్మ సర్దిన సంచీతో పై అంతస్తుకి ఎక్కి, వాణ్ణి పెద్ద సిస్టర్ ఒళ్ళో పెట్టి, "మీ చేతులతో ఇవ్వండి, పంతం మీదే కదా," అంది. పెద్ద సిస్టర్ ఇచ్చింది. ఇచ్చి, రిటైరవడానికి ఇంకా చాలా టైముందని చెప్పింది.

మళ్ళీ డ్యూటీలో చేరిన రోజున ఆమె మొదట తట్టింది మూడో పెట్టెలో కొత్తగా వచ్చిన పిల్లని. తట్టి, చెయ్యి పెట్టెలోనే ఉంచి, అలా నిలబడిపోయింది.

"ఎలా ఉంది సిస్టర్?" అంది చిన్న సిస్టర్.

పెద్ద సిస్టర్ ఒక కాలు నేలకి మెల్లగా రుద్దుకుంది. "గొట్టం చూడు," అంది.

సెలవు రోజున మధ్యాహ్నం ఆమె ఇంట్లో కాసేపు పడుకుంటుంది. అత్తగారు మంచం కాళ్ళ వైపు కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు వొలుస్తూ కూర్చుంటుంది. వొలిచేది చేతులే, చూపంతా కోడలి రొమ్ము మీదే. డాక్టరు భయం లేదనే చెప్పాడు. ఎప్పుడైనా ఒకసారి ఆగవచ్చు, అదే మళ్ళీ వస్తుందన్నాడు. ఆవిడ ఆ మాట చెవిన వేసుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆగింది. ఆవిడ చేట కింద పెట్టి, ముందుకి వంగి, దుప్పటి కొంచెం పైకి లాగి, వంకర తిరిగిన చూపుడువేలు చాపింది. ఆ వేలు ఇంకా అరికాలిని తాకలేదు. అంతలో ఆ అరికాలే దానంతట అది ఉలిక్కిపడింది. పెద్ద సిస్టర్ రొమ్ము నిండుగా లేచింది. ఊరి అవతలి కొసన, గాజుపెట్టెలో, ఇంకా పేరు లేని ఎవరో మర్చిపోయి గుర్తు తెచ్చుకున్నారు.

అత్తగారు వేలు వెనక్కి తీసుకుంది. దుప్పటి సర్ది, చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"మెల్లగా తట్టవే," అని నిద్రలోనే విసుక్కుంది పెద్ద సిస్టర్.